సాక్షి బోనులో జ్ఞాపకం



నేను మనస్తత్వశాస్త్రం పాఠాలు చెప్పుకుంటూ బతికినవాణ్ని. ఈ సభలో మనం తలుచుకుంటున్న ప్లీడరు గారు క్రిమినల్ కేసులు వాదించినవారు. మా ఇద్దరికీ స్నేహం కుదిరింది ఆయన క్రాస్ ఎగ్జామినేషన్ వల్లనే. నా విద్యార్థులను వెంటబెట్టుకుని కోర్టుకు వెళ్లి వెనక బెంచీల మీద కూర్చునేవాణ్ని. సాక్షిని గద్దించడం, తికమకపెట్టడం, నలుగురిలో నవ్వులపాలు చేయడం ఆయన పద్ధతి కాదు. “అతణ్ని చూశావా, లేదా?” అని ఆయన అడగగా నేను వినలేదు. “అమ్మా, ఇతని పేరు నీకు మొదట ఎవరు చెప్పారు?” అనేవారు. “స్టేషనుకు ఎవరితో కలిసి వెళ్లావు? అక్కడ మీరంతా ఒకేచోట కూర్చున్నారా? పేపర్లో ఇతని ఫొటో పడిందట, ఎవరైనా చూపించారా?” ఇలా నెమ్మదిగా సాగేది. ఆమె నిజం చెబుతోందా అన్నది ఆయన ప్రశ్న కాదు. ఆమె జ్ఞాపకం ఏ దారిన వచ్చి కోర్టుకు చేరిందన్నది ఆయన ప్రశ్న. మా శాస్త్రం ప్రయోగశాలల్లో ఎన్నో ఏళ్లు తంటాలు పడి చేరిన చోటికి ఆయన ముద్దాయిల తరఫున నిలబడీ నిలబడీ చేరారు.

ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఒకటే. మన న్యాయవ్యవస్థ సాక్షి జ్ఞాపకాన్ని అనుమానించాల్సిన చోట నమ్ముతోంది, క్షమించాల్సిన చోట శిక్షిస్తోంది. ఈ రెండు పొరపాట్లకూ మూలం జ్ఞాపకం గురించి మనకున్న ఒక తప్పుడు ఊహే. చూసినదంతా లోపల భద్రంగా ఉంటుందని, సత్యసంధుడు దాన్ని ఉన్నదున్నట్టు బయటికి తీస్తాడని, తీయలేనివాడు అబద్ధాలకోరని మనం అనుకుంటాం.

ముందు ఒక కేసు చెబుతాను. కొంచెం తీరిగ్గా చెబుతాను, ఎందుకంటే అందులో ఎవరూ అబద్ధం చెప్పలేదు.

1984 జూలై. అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రం, బర్లింగ్టన్ పట్టణం. జెన్నిఫర్ థాంప్సన్ 22 ఏళ్ల కాలేజీ విద్యార్థిని. అర్ధరాత్రి దాటాక ఒకడు ఆమె ఇంట్లోకి చొరబడి, మెడ మీద కత్తి పెట్టి అత్యాచారం చేశాడు. బాధితురాలి పేరు ఇలా సభలో చెప్పడం మన చట్టానికీ మర్యాదకూ విరుద్ధం. అయితే ఆమె తర్వాత తనంతట తానే పేరుతో ప్రపంచం ముందుకు వచ్చారు, పుస్తకం రాశారు, ఊరూరా తిరిగి మాట్లాడారు. అందుకే చెబుతున్నాను. ఆ భయంలో కూడా ఆమె ఒక నిర్ణయం తీసుకున్నారు. బతికి బయటపడితే వీణ్ని పట్టించాలి. వీడి కళ్లు, ముక్కు, ఎత్తు, ఒంటి మీద గుర్తులు ఏవీ మరచిపోకూడదు. అలా పట్టిపట్టి చూశారు. చివరికి తెలివిగా తప్పించుకున్నారు.

పోలీసులు ఆరు ఫొటోలు ముందు పెట్టారు. ఆమె కొన్ని నిమిషాలు తీసుకున్నారు. ఒక్కొక్కదాన్నీ పోల్చి, పక్కన పెట్టి, రోనాల్డ్ కాటన్ అనే యువకుడి ఫొటో దగ్గర ఆగారు. సరిగ్గానే చూశావన్న భావం అధికారుల మాటల్లో ఆమెకు అందింది. కొన్నాళ్లకు మనుషులనే వరుసగా నిలబెట్టారు. ఇద్దరి మధ్య కాసేపు తటపటాయించి, మళ్లీ కాటన్‌నే చూపించారు. ఫొటోలో గుర్తుపట్టింది కూడా ఇతన్నేనని అప్పుడు ఆమెకు చెప్పారు. ఫొటోల్లోనూ వరుసలోనూ ఉన్న మనిషి కాటన్ ఒక్కడే అన్న సంగతి ఆ గదిలో ఎవరినీ ఆపలేదు.

1985 జనవరిలో కోర్టుకు వచ్చేసరికి తటపటాయింపు మాయమైంది. అనుమానానికి తావు లేకుండా ఆమె చెయ్యెత్తి చూపించారు. యావజ్జీవం పడింది. జైల్లో కాటన్‌కు బాబీ పూల్ అనే ఖైదీ తారసపడ్డాడు. చూడటానికి తనలాగే ఉంటాడు. ఆ నేరం చేసింది తానేనని తోటి ఖైదీలతో అన్నాడట. అప్పీలు తర్వాత 1987లో విచారణ మళ్లీ జరిగినప్పుడు పూల్‌ను ఆమె ఎదుటికి తెచ్చారు. ఇతణ్ని నేనెన్నడూ చూడలేదని ఆమె చెప్పారు. కాటన్‌కు మళ్లీ శిక్ష పడింది. 1995లో డీఎన్ఏ పరీక్ష చేస్తే నేరం పూల్‌దని తేలింది. కాటన్ పదేళ్లకు పైగా జైల్లో ఉన్నాడు.

ఇక్కడ ఆగి ఆలోచించండి. తన మీద దాడి చేసిన మనిషి నిజంగా ఎదురుగా నిలబడితే ఆమె గుర్తుపట్టలేదు. అంత పట్టుదలతో దాచుకున్న ముఖం ఏమైంది? డీఎన్ఏ ఫలితం తెలిశాక కూడా ఆ రాత్రిని తలుచుకుంటే తనకు కాటన్ ముఖమే కనిపించేదని ఆమె నిజాయతీగా చెప్పారు. ఫొటోలు చూసిన రోజు, వరుస చూసిన రోజు, కోర్టు రోజు అన్నీ కలిసి ఒక ముఖాన్ని తొలగించి మరో ముఖాన్ని కూర్చోబెట్టాయి. ఆమెకు అది తెలియదు. తెలిసే మార్గమూ లేదు. తరువాత ఆమె కాటన్‌ను కలిసి క్షమాపణ కోరారు, అతడు క్షమించాడు, ఇద్దరూ కలిసి 2009లో పుస్తకం తెచ్చారు. ఆ క్షమ గురించి మాట్లాడాలంటే ఇంకో ఉపన్యాసం కావాలి.

ఇలా ఎందుకు జరుగుతుందన్నది మా శాస్త్రం పని. కేంబ్రిడ్జిలో ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ ఉత్తర అమెరికా ఆదివాసుల జానపద కథ ఒకటి ఇంగ్లీషు చదువరులకు ఇచ్చి, కొంతకాలం గడిచాక, మళ్లీ కొంతకాలం గడిచాక చెప్పించాడు. 1932లో వచ్చిన ఆయన పుస్తకంలో ఆ వివరాలున్నాయి. చెప్పిన కొద్దీ కథ పొట్టిదైంది. అంతకంటే ముఖ్యంగా, అది ఇంగ్లీషు కథ అయిపోయింది. వాళ్లకు అలవాటు లేని దోనె మామూలు పడవగా మారింది, అర్థంకాని దయ్యాలు జారిపోయాయి, అతుకు లేని చోట అతుకు పడింది. ఎవరూ కావాలని మార్చలేదు.

హరికథ చెప్పే హరిదాసునే తీసుకోండి, ఆయనకు కథ తెలుసు. అయినా ప్రతి రాత్రీ ఎదుట కూర్చున్నవారిని బట్టి, సమయాన్ని బట్టి, గొంతు ఉన్న తీరును బట్టి కథను అక్కడికక్కడ కట్టుకుంటూ పోతారు. జ్ఞాపకం చేసేదీ ఈ పనే. ఒక్క తేడా ఉంది. నిన్న రాత్రి వేసిన కొత్త అల్లిక ఈ రాత్రికి మూలకథలో చేరిపోతుంది, చెప్పేవారికి ఆ సంగతి తెలియదు.

ఇది ఉత్త మాట కాదు. 2000లో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో కరీం నాదర్, జోసెఫ్ లెడూ బృందం ఎలుకల మీద ఒక ప్రయోగం చేసింది. ఒక శబ్దం వినిపించి చిన్న షాకు ఇస్తే ఎలుక ఆ శబ్దానికి భయపడటం నేర్చుకుంటుంది. ఆ తర్వాత ఆ శబ్దాన్ని మళ్లీ వినిపించి, వెంటనే మెదడులో భయానికి సంబంధించిన భాగంలో కొత్త ప్రొటీన్ల తయారీని ఆపే మందు ఎక్కించారు. భయం చాలామటుకు చెరిగిపోయింది. శబ్దం వినిపించకుండా మందు మాత్రమే ఇచ్చినప్పుడు భయం చెక్కుచెదరలేదు. అంటే గుర్తుచేసుకున్న క్షణంలోనే జ్ఞాపకం మెత్తబడి, మళ్లీ గట్టిపడాల్సి వస్తోంది. ఎలుక నుంచి సెషన్స్ కోర్టు దాకా చాలా దూరం ఉంది, నేను దాన్ని ఒక్క అంగలో దాటదలచుకోలేదు. కానీ గుర్తుచేసుకోవడమంటే జ్ఞాపకాన్ని మళ్లీ తాకడమేనన్న విషయాన్ని ఇక ఎవరూ కొట్టిపారేయలేరు.

భయపెట్టిన ముఖం గుండెల్లో ముద్రపడిపోతుందని మనకొక నమ్మకం. అమెరికా సైనికులకు శత్రువు చేతికి చిక్కితే ఎలా నిలబడాలో నేర్పే శిక్షణ ఒకటుంది. చార్ల్స్ మోర్గన్ అనే మనోవైద్యుడి బృందం అక్కడ శిక్షణ పొందుతున్న వందల మందిని పరిశీలించి 2004లో ఫలితాలు ప్రకటించింది. అరగంటకు పైగా ఎదురుగా కూర్చుని కఠినంగా విచారించిన మనిషిని మరునాడు మనుషుల వరుసలో సరిగ్గా చూపినవారు సుమారు 30 శాతం. మెత్తగా విచారించినవాణ్ని చూపినవారు సుమారు 62 శాతం. వీళ్లు మనలాంటివాళ్లు కారు, ఆరోగ్యవంతులైన యువ సైనికులు. కత్తి ఉంటే చూపు కత్తి మీదే ఉంటుందన్నది దీనికి తోడు.

ఇక ప్రశ్నల సంగతి. యువ న్యాయవాదులు ఇది శ్రద్ధగా వినాలి. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ కార్లు ఢీకొనే చిన్న ఫిల్ములు విద్యార్థులకు చూపించి వేగం ఎంతని అడిగారు. ప్రశ్న అందరికీ ఒకటే, క్రియాపదం మాత్రం వేరు. కార్లు “తాకినప్పుడు” ఎంత వేగంలో ఉన్నాయంటే సగటున గంటకు 31.8 మైళ్లని చెప్పారు. “గుద్దుకుని నుజ్జయినప్పుడు” అన్న అర్థం వచ్చే మాట వాడితే 40 మైళ్లు దాటింది. మరో బృందాన్ని వారం తర్వాత పిలిచి, పగిలిన గాజు చూశారా అని అడిగారు. ఫిల్ములో గాజు పగల్లేదు. గట్టి మాట విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు. మామూలు మాట విన్న 50 మందిలో అలా అన్నవారు ఏడుగురు.

ఇప్పుడు మన పోలీసు స్టేషనుకు రండి. సాక్షి తన యాసలో, ఏడుస్తూ, ముందుది వెనకా వెనకది ముందూ చెబుతుంది. రైటరు దాన్ని స్టేషను భాషలో రాస్తాడు. “సదరు ముద్దాయి తన వద్దనున్న పదునైన ఆయుధముతో…” అని మొదలవుతుంది. పది మంది సాక్షులుంటే పదింటిలోనూ అవే వాక్యాలు. చట్టం ప్రకారం దాని మీద సాక్షి సంతకం ఉండదు. ఆమె అసలు ఏ మాట వాడింది, తనంతట తానే చెప్పిందా, అడిగితే చెప్పిందా, అడిగిన మాట “తాకాడా” అనా “నరికాడా” అనా, ఇవేవీ మిగలవు. నాలుగేళ్ల తర్వాత కోర్టులో ఆమె చెప్పినదానికీ ఆ కాగితానికీ మధ్య తేడాలు ఏరి, ఇది తర్వాత కల్పించినదని వాదిస్తాం. ఆమె జ్ఞాపకాన్ని ఆమె ఎన్నడూ రాయని వాక్యాలతో తూచడం అది. వాంగ్మూలాన్ని ఆడియో, వీడియోల్లో రికార్డు చేసే వీలు మన చట్టంలో 2009 నుంచీ ఉంది, కొత్త నాగరిక్ సురక్షా సంహితలోనూ ఉంది. వీలు ఉండటం వేరు, వాడటం వేరు.

డొనాల్డ్ థామ్సన్ సంగతి కూడా చెప్పాలి. ఆయన ఆస్ట్రేలియాలో మనస్తత్వవేత్త, ప్రత్యక్షసాక్షుల జ్ఞాపకం మీదే పనిచేసేవాడు. ఒక రోజు పోలీసులు ఆయన్ను అత్యాచారం కేసులో పట్టుకెళ్లారు. బాధితురాలు ఆయన్ను గుర్తుపట్టింది. తీరా చూస్తే నేరం జరిగిన వేళకు ఆయన టీవీలో ప్రత్యక్ష ప్రసారంలో మాట్లాడుతున్నాడు. దాడికి ముందు ఆమె ఇంట్లో ఆ టీవీ నడుస్తోంది. తెర మీది ముఖం దుండగుడి ముఖమై కూర్చుంది. ముఖం నిజంగా చూసినదే, చూసిన చోటు మారిపోయింది. ప్రెస్‌మీట్లలో నిందితులను నిలబెట్టి, వాట్సాప్ గ్రూపుల్లో ఫొటోలు తిప్పి, ఆ తర్వాత గుర్తింపు పరేడ్ పెట్టే మనకు ఈ కేసు ఆస్ట్రేలియాలో జరిగినట్టు అనిపించకూడదు.

సాక్షి ఎంత గట్టిగా చెబితే అంత నమ్మాలా? ఈ ప్రశ్న మీద మా రంగంలో చాలా ఏళ్లు తగువు నడిచింది. గ్యారీ వెల్స్, ఏమీ బ్రాడ్‌ఫీల్డ్ 1998లో ఒక ప్రయోగం ప్రచురించారు. అసలు మనిషి లేని ఫొటోల వరుస చూపారు, కాబట్టి ఎవరిని ఎంచినా తప్పే. ఎంచుకున్నాక కొందరికి “భేష్, అనుమానితుణ్నే పట్టారు” అన్నారు. ఆ ఒక్క మాట విన్నవాళ్లు ఆ తర్వాత తాము మొదటి నుంచీ నమ్మకంగానే ఉన్నామన్నారు, ముఖం బాగా కనిపించిందన్నారు. చూసిన తీరు గురించిన జ్ఞాపకమే మారిపోయింది. డీఎన్ఏతో నిర్దోషులుగా తేలినవారి కేసు రికార్డులను బ్రాండన్ గ్యారెట్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు తిరగేశాడు. కోర్టులో ఖండితంగా చెప్పిన సాక్షుల్లో చాలామంది మొదట పోలీసుల దగ్గర తటపటాయించినవారేనని 2011లో ఆయన పుస్తకం చూపింది. అయితే మొదటి రోజు మాట సంగతి వేరు. పరీక్ష సరిగ్గా జరిపి, ఎవరూ ఉప్పు అందించకుండా ఉన్నప్పుడు ఆ క్షణాన సాక్షి చెప్పిన నమ్మకం చాలావరకు నమ్మదగినదేనని జాన్ విక్స్‌టెడ్, వెల్స్ 2017లో పాత సమాచారమంతా మళ్లీ జల్లెడపట్టి రాశారు. జ్ఞాపకం మీద పెదవి విరిచేవారికి నేనిదే చెబుతాను. మొదటి గంట జ్ఞాపకానికి విలువుంది. మనం దాన్ని రాసిపెట్టుకోకుండా పారబోసి, ఐదో ఏట బోనులో వేలెత్తి చూపినదాన్ని పట్టుకుని కూర్చుంటున్నాం.

మన చట్టానికి ఇది బొత్తిగా తెలియనిదేం కాదు. గుర్తింపు పరేడ్‌లో గుర్తుపట్టడం అసలు సాక్ష్యం కాదు, కోర్టులో గుర్తుపట్టడమే అసలు సాక్ష్యం, పరేడ్ దాన్ని బలపరిచేది మాత్రమే అని సుప్రీంకోర్టు అనేకసార్లు చెప్పింది. పాత ఎవిడెన్స్ యాక్టు 9వ సెక్షన్, ఇప్పటి సాక్ష్య అధినియమం 7వ సెక్షన్ కింద సాగుతున్న వరుస ఇదే. ప్రమాణం చేయించి, ఎదుటిపక్షం ప్రశ్నలకు నిలబెట్టి తీసుకున్నదే సాక్ష్యమన్న సూత్రానికి గౌరవం ఇస్తాను. కానీ జ్ఞాపకం కోణంలో చూస్తే ఇది తలకిందుల వరుస. బోనులో ఒక్క మనిషి నిలబడి ఉంటాడు, పక్కన కానిస్టేబులు ఉంటాడు. అక్కడ గుర్తుపట్టడానికి జ్ఞాపకంతో పనేముంది?

అదే సుప్రీంకోర్టు 1983లో భోగిన్‌భాయి హిర్జీభాయి కేసులో జస్టిస్ ఎం.పి. ఠక్కర్ కలం నుంచి ఒక గొప్ప తీర్పు ఇచ్చింది. సాక్షి మనసులో వీడియో టేపు తిరగదని, గడియారం చూసుకుని ఎవరూ సంఘటనలకు సాక్షులు కారని, అపరిచితమైన కోర్టులో నిలబడి తికమకపడటం సహజమని, చిన్న తేడాలను పట్టుకుని మొత్తం సాక్ష్యాన్ని పారేయకూడదని దాని సారాంశం. ప్లీడరు గారు డిఫెన్స్ లాయరై ఉండి కూడా ఆ తీర్పును జూనియర్ల చేత చదివించేవారు.

ఆ తీర్పు స్ఫూర్తి అన్నిచోట్లా అందిందా? అప్పటి మన గుంటూరు జిల్లా చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. ప్రత్యేక కోర్టు తీర్పు 2007 జూలైలో వచ్చింది, 21 మందికి యావజ్జీవం పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. హత్యలు జరిగిన సమయం, చోటు, చేసినవారి గుర్తింపు ప్రాసిక్యూషన్ నిర్ధారించలేకపోయిందన్నది అందుకు ముఖ్య కారణం. కేసులోని సాక్ష్యం మొత్తాన్ని ఇక్కడ తూచడం నా పని కాదు. మనస్తత్వశాస్త్రం చదివినవాడిగా ఒక్కటి అడుగుతాను. తరుముతుంటే పొలాలకు అడ్డంపడి పరిగెత్తినవాళ్లు ఎవరు ఎవరిని ఎన్ని గంటలకు ఎక్కడ కొట్టారో అన్నేళ్ల తర్వాత వరుస తప్పకుండా చెప్పగలరని ఏ శాస్త్రం చెప్పింది? తన ఊరి మనిషిని, చిన్నప్పటి నుంచీ ఎరిగినవాణ్ని గుర్తుపట్టడం ఒక పని. కొత్త ముఖాన్ని గుర్తుపట్టడం పూర్తిగా వేరే పని. మొదటిది మనుషులు చాలా బాగా చేస్తారు, రెండోది చాలా తక్కువగా చేస్తారు. గంటలు, గజాలు, దెబ్బల లెక్క అసలు చేయలేరు. చేయలేనిదాన్ని అడిగి, చేయలేదని చేయగలిగినదాన్నీ తోసిపుచ్చితే నష్టపోయేది ఎప్పుడూ మాట తప్ప వేరే ఆధారం లేనివాళ్లే.

కనుక జ్ఞాపకాన్ని అనుమానించమని మాత్రమే నేను చెప్పానని అనుకుని ఎవరైనా ఇంటికి వెళితే నా మాట సగమే విన్నట్టు. అత్యాచార బాధితురాలు తనపై దాడిచేసిన, తనకు ముందే తెలిసినవాడి పేరు చెబితే, బర్లింగ్టన్ కేసు చూపించి ఆమెను నిలదీయడం శాస్త్రాన్ని దుర్వినియోగం చేయడమే. కాటన్ కేసులో జరిగింది అత్యాచారం, అందులో సందేహం లేదు. తప్పింది అపరిచితుడి ముఖం ఒక్కటే.

చేయగలిగినవి పెద్ద ఖర్చులేనివి. పరేడ్ నడిపే మేజిస్ట్రేటు గారికి వరుసలో అనుమానితుడెవరో తెలియకపోతే మేలు, తెలిసినవారి చూపు కూడా ఒక మాటే. అసలు మనిషి ఈ వరుసలో ఉండకపోవచ్చునని సాక్షికి ముందే చెప్పాలి. చూపించగానే, ఎవరూ ఏమీ అనకముందే, ఎంత నమ్మకంగా చెబుతున్నావని అడిగి ఆమె అన్న మాటను ఆమె అన్నట్టే, “అతనేనేమో అనిపిస్తోంది అయ్యా” అంటే ఆ “ఏమో”తో సహా, రాయాలి. పరేడ్ ఎన్నో రోజున జరిగింది, ఈలోగా ఫొటో ఎక్కడైనా బయటికొచ్చిందా అన్నదీ ఆ కాగితం మీదే ఉండాలి. న్యూజెర్సీ సుప్రీంకోర్టు 2011లో హెండర్సన్ కేసులో ఇలాంటి విషయాలను జ్యూరీకి విడమరచి చెప్పాలంది. మనకు జ్యూరీ లేదు, తీర్పు రాసేది చదువుకున్న జడ్జిగారే, కాబట్టి ఇక్కడ మరింత సులువు కావాలి.

ఈ జిల్లాలో లీగల్ ఎయిడ్ కేసులు చూస్తున్న జూనియర్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. మీ వచ్చే కేసులో పరేడ్ ప్రొసీడింగ్స్ సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. అందులో సాక్షి నోటి మాట ఒక్కటైనా ఉందేమో చూడండి. లేకపోతే ఆ మేజిస్ట్రేటు గారిని సాక్షిగా విచారించేటప్పుడు మీ మొదటి ప్రశ్న దాని గురించే ఉండాలి.